అల్లుని పొద్దు

గద్వాలలో మేముండే సాలెల వీధిలో, సూర్యుడు చూరు దాటి అరుగుల మీద పడే వేళకు ఒక పేరుంది. దాన్ని అల్లుని పొద్దు అంటారు. "అల్లుని పొద్దు కాకముందే నీళ్లు తెచ్చుకోవాలె" అని ఆడవాళ్లు అనుకుంటారు. "అల్లుని పొద్దు దాక పండితె ఎట్లరా" అని పిల్లలను తిడతారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటి పిల్లలకు తెలియదు. నాకు తెలుసు. ఆ అల్లుణ్ని నేనే. ఆ మాట పుట్టించిన మనిషి, విని నవ్విన మనుషులు అందరూ నాకు గుర్తున్నారు. వాళ్లలో చాలామంది పోయారు. పోయినంత మాత్రాన నేను మరిచిపోవాలని ఎక్కడా లేదు.

మాది బిజినేపల్లి. కులానికి సాలెవాళ్లమే అయినా మా ఇంట్లో మగ్గం తాత కాలంలోనే మూలకు పడింది. నాన్న సంతలు తిరిగి బట్టలమ్మేవాడు. తట్టు గుర్రం మీద మూట వేసుకుని ఒకరోజు తెలకపల్లి, ఒకరోజు నాగర్‌కర్నూలు, ఇంకోరోజు వనపర్తి వైపు పోయేవాడు. ఆయన తిరిగి వచ్చేసరికి ఊరు నిద్రపోయి ఉండేది. అప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అన్నలు ముందే తిని పడుకునేవారు. నేను మాత్రం తట్టు అడుగుల చప్పుడు కోసం కూర్చునేవాణ్ని. నాన్న కాళ్లు కడుక్కుని, రొట్టె విరుచుకుంటూ, ఆ రోజు సంతలో జరిగిందంతా చెప్పేవాడు. మూటలో ఉన్న చీరలన్నీ విప్పించి, ముట్టి చూసి, ఆఖరికి భుజాన వేసుకునే సెల్లా గుడ్డ కూడా కొనకుండా పోయిన దొరసాని ఎట్లా మూతి తిప్పిందో తిప్పి చూపించేవాడు. పగలంతా పరాయివాళ్లతో నవ్వుతూ మాట్లాడిన మనిషి, ఆ వేళ నాతో మాత్రం నవ్వకుండా మాట్లాడేవాడు. అది నాకు గొప్పగా ఉండేది. తర్వాత ఇద్దరం పక్కపక్కన పడుకునేవాళ్లం. తెల్లవారి ఆయన లేచేదాకా అమ్మ గిన్నె చప్పుడు కూడా చేసేది కాదు.

అంటే నా నిద్రలో తప్పేమీ లేదు. అది మా ఇంటి నిద్ర. ఈ సంగతి గద్వాలలో ఎవరికి చెప్పినా వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గద్వాలలో మా మామకు కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు, రెండు మగ్గాలు. ఇంట్లో చిన్నవాణ్ని కాబట్టి నన్ను ఇల్లరికం అడిగారు. పెళ్లి మాటలప్పుడు పెద్దలు చాలా మాట్లాడారు. అల్లుడు మగ్గం నేర్చుకోవాలి, నేర్చుకుంటే రెండో మగ్గం అతనిదే అవుతుంది అని మామ తన నోటితో అన్నాడు. ఏ వేళకు నిద్ర లేవాలో మాత్రం ఒక్కరూ అనలేదు. అడగకపోవడం నా తప్పని తర్వాత నా భార్య అంది. పెళ్లి మాటల్లో నిద్ర గురించి అడిగే వరుణ్ని నేను ఎక్కడా చూడలేదు.

మగ్గం పని పగటి పనే. కాని మగ్గం మీదికి ఎక్కే ముందు నూలుకు గంజి పట్టాలి. ఆ పని వీధిలో జరుగుతుంది, తెల్లవారకముందు జరుగుతుంది. పడుగు దారాలను వీధి పొడవునా గడల మీద చాచి కడతారు. గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడి పెద్ద కుంచె పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుకుంటూ నడుస్తారు. మసక వెలుతురులో మొదలుపెడితే ఎండ వచ్చే లోపల ముగియాలి. ఎండ ముందే తగిలితే గంజి మధ్యలోనే ఆరిపోయి దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. తర్వాత మగ్గం మీద ఊరికే తెగుతాయి. అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. ఒక్క పడుగు పాడైతే ఆ ఇంట్లో పొయ్యి గురించి ఆలోచించాల్సి వచ్చేది. అందుకే ఆ పనికి ఒకరింటికి ఒకరు సాయం వచ్చేవారు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో వీధంతా చూసేది.

నేను వెళ్లిన తర్వాత మా ఇంటి ముందు మొదటిసారి పడుగు చాచిన రోజున నేను లేవలేదు. నిజమే. కాని నన్ను ఎవరు లేపారు?

ఆ ఇంట్లో నన్ను లేపగల మనిషి లేడు. అత్త అల్లుడి ఎదుట పడదు, అల్లుడితో మాట్లాడదు. తలుపు చాటు నుంచే అన్నీ. భార్య మొగుడి పేరు పలకదు. కొత్తగా పెళ్లయిన పిల్ల, తల్లిదండ్రులు చూస్తుండగా మొగుణ్ని తట్టి లేపితే సిగ్గు. మామ అల్లుడి మీద చెయ్యి వేయడు. అల్లుడంటే ఇంటికి వచ్చిన దేవుడి లెక్క అని ఆయన నమ్మకం. ముగ్గురూ నేను పడుకున్న అరుగు చుట్టూ తిరిగారట. నా భార్య గాజులు గలగలలాడించిందట. అత్త ఇత్తడి చెంబు కింద పడేసిందట. చెంబులు పడితే లేచే నిద్ర కాదు నాది.

నేను కళ్లు తెరిచేసరికి మొహం మీద ఎండ ఉంది. వీధిలో పని అయిపోయింది. నా బదులు ఎదురింటి ముసలాయన కుంచె పట్టాడు. ఆయన చేతులకు గంజి కారుతోంది. నన్ను చూసి, ఎండను చూసి, అందరూ వినేటట్టు నెమ్మదిగా అన్నాడు.

"పొద్దు పొడిచిందనుకుంటిమి గని, లేదురా. ఇగో, అల్లుని పొద్దు ఇప్పుడు పొడిచింది."

గడలు విప్పుతున్న వాళ్లు గడలు వదిలేసి నవ్వారు. మామ నవ్వలేదు. తల వంచుకుని దారాలు చుట్టుకుంటున్నాడు. అది నవ్వు కన్నా ఎక్కువైంది నాకు.

ఆ రోజు నుంచి అత్త దుడ్డెతో మాట్లాడటం మొదలుపెట్టింది. మా వాకిట్లో బర్రె దుడ్డె ఒకటి కట్టేసి ఉండేది. అత్త నాతో చెప్పాలనుకున్నవన్నీ దానికి చెప్పేది.

"ఏమే, తినుడు మంచిగనే తింటవు. లేసుడే రాదా నీకు? నీ ఈడువి మందకు పోయి మేసి కూడ వస్తున్నయి."

దుడ్డె చెవులు ఆడించేది. నేను అన్నం ముందు కూర్చుని వినేవాణ్ని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంత మంచి అత్త అని. నేను తిన్న మాటలన్నీ ఆ దుడ్డె పేరు మీద ఉన్నాయి.

రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అదే అసలు కష్టం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. దీపం పెట్టగానే వాళ్లు తిని పడుకునేవారు. ఆ వేళకు నా ఒళ్లు అప్పుడే మేలుకునేది. అరుగు మీద పడుకుని చీకట్లోకి చూసేవాణ్ని. ఏ జట్కా గుర్రం నడిచినా చెవులు నిక్కబొడుచుకునేవి. నాన్న ఏ సంత నుంచి వస్తుంటాడు, ఇప్పుడు ఏ వాగు దాటుతుంటాడు, రొట్టె తింటూ ఎవరికి చెబుతుంటాడు అని అదే ధ్యాస. అన్నలు కూర్చోరని తెలుసు. అమ్మకు కునుకు ఆగదు. ఎవరితోనూ మాట్లాడకుండా తిని పడుకునే నాన్న కళ్లకు కట్టేవాడు. అట్లా ఎప్పటికో కన్ను మూతపడేది. సరిగ్గా అప్పుడే వీధి లేచేది.

పగలు మగ్గం గుంతలో కూర్చుంటే దారం విసిరే నాడె చేతిలో ఉండగానే తల వాలిపోయేది. మామ చూసి చూడనట్టు పోయేవాడు. ఒకరోజు నా భార్య నీళ్లిస్తూ చెప్పింది.

"మా నాయిన అలంపురం మేనత్త కొడుకుకు కబురు పంపిండు. దసరా పడుగులకు రమ్మని."

"వాడెందుకు?"

"కుంచె పట్టెటందుకు. వానికి పని వస్తది."

"మరి నేను?"

"నిన్ను పొమ్మనడు. కూసుండబెట్టి అన్నం పెడతడు. మగ్గమే ఇయ్యడు."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. నన్ను వెళ్లగొట్టినా బాగుండేది. తిరిగి బిజినేపల్లి పోయి నాన్న తట్టు వెనక నడిచేవాణ్ని. మగ్గం లేని ఇల్లరికపు అల్లుడు అంటే ఆ ఇంట్లో అన్నం తినే మరో దుడ్డె. జీవితాంతం. రెండో మగ్గం మీద వేరొకడు కూర్చుంటే వాడి పక్కన అంచు దారాలు అందిస్తూ.

అందుకని ఒక ఉపాయం చేశాను. మామ గడలు అరుగు కింద గోడ వారన కట్టి పెట్టేవాడు. మరునాడు పడుగు ఉందనగా, ఆ రాత్రి నేను చాప తీసుకుపోయి ఆ గడల మీద పరుచుకుని పడుకున్నాను. వీపు నలిగింది. నలిగితే నలిగింది. గడలు కావాలంటే ఎవరైనా సరే నన్ను కదిలించాలి. కదిలిస్తే లేస్తాను. ఇంతకన్నా ఏ మనిషి ఏం చేయగలడు?

కళ్లు తెరిచేసరికి ఎండ. నేను గడల మీదే ఉన్నాను. వీధిలో పడుగు చాచి ఉంది, గంజి పట్టడం అయిపోయి ఆరుతోంది. కింద చూస్తే గడలు నా కిందే ఉన్నాయి. మరి అవి ఎవరి గడలు?

ఎదురింటివి. మా మామ చీకట్లో పోయి, ఆ ముసలాయన తలుపు తట్టి, ఆయన గడలు అడుక్కుని తెచ్చుకున్నాడు. నన్ను భుజం పట్టి ఊపడం కన్నా ఊరివాళ్ల తలుపు తట్టడం ఆయనకు తేలికైంది.

నాకు జరిగిన వాటన్నిట్లో ఇదే పెద్దది. అప్పుడు మొదటిసారి ఆయన ముందు నోరు విప్పాను. వీధిలోనే.

"మామా, నన్నెందుకు లేపలే?"

"అల్లుని ఎట్ల లేపుదు?"

"అల్లుడు అనుడు ఇడిసిపెట్టు. జీతగాణ్ని ఎట్ల లేపుతవో గట్ల లేపు. కాలుతోని తన్ను."

ఆయన చేతులకు అంటిన గంజి తుడుచుకున్నాడు. ఆయనకు కోపం రాదు. అదొకటి.

"జీతగాడైతే లేపుత. కొడుకైతే వాడే లేస్తడు. అల్లుడైతే పండుకోనిస్త. ఈ మూడిట్ల నువ్వేందో నువ్వు చెప్పాలె గని, నేనెట్ల చెప్త?"

నేను ఇంట్లోకి పోయాను. ఆ రోజు అన్నం తినలేదు. ఎవరూ బతిమాలలేదు. అల్లుడు అలిగాడని గారెలు చేసే ఇళ్లు ఉంటాయని విన్నాను.

ఆ సాయంత్రం నుంచి నేను నిద్రను పట్టుకున్నాను. పట్టుకున్నాను అనే అంటాను, ఎందుకంటే అది దానంతట అది రాలేదు. వాళ్లకన్నా ముందు, కోళ్లు గూట్లోకి పోయే వేళకే తిన్నాను. వీధి అరుగు వదిలి, గుర్రాల చప్పుడు వినపడని వెనక వాకిట్లో, గంజి వండే పొయ్యి పక్కన పడుకున్నాను. కళ్లు మూసుకుంటే బిజినేపల్లి వచ్చేది. నాన్న వచ్చి రొట్టె ముందు కూర్చునేవాడు. ఆయన నోరు తెరవబోతుంటే నేను మనసు మళ్లించేవాణ్ని. దారాలు తలుచుకునేవాణ్ని, ఒకటి పైకి, ఒకటి కిందికి. మొదట్లో ఒళ్లంతా నొప్పి, కళ్లల్లో కారం కొట్టినట్టు మంట. తిన్నది అరిగేది కాదు. పగలు కునుకు వస్తే లేచి నిలబడేవాణ్ని. మెల్లగా, దీపాల వేళకు ఆవలింత రావడం మొదలైంది. ఆవలింత వచ్చిన మొదటి సాయంత్రం నా భార్య చూసి నవ్వింది. నాకు మాత్రం ఏదో పారేసుకున్నట్టు అనిపించింది. ఏం పారేసుకున్నానో ఆమెకు చెబితే అర్థమయ్యేది కాదు.

రంజాన్ నెల వచ్చింది. వానలు తెరిపి ఇచ్చాయి. దసరా చీరల పడుగు పెద్దది, మరునాడు చాచాలని మామ అన్నాడు. అలంపురం మేనల్లుడు పగలే వచ్చి దిగాడు. నల్లగా, పొడుగ్గా, పనివాడి చేతులు. నన్ను "అన్నా" అన్నాడు. దాంట్లో ఏ వంకా దొరకలేదు నాకు. నేను ఎప్పటిలాగే తొందరగా తిని పొయ్యి పక్కన పడుకున్నాను.

డప్పు చప్పుడుకు లేచాను. ఎవరూ లేపకుండా, నా అంతట నేను. లేచిన వెంటనే గర్వం ఆగలేదు. మొహం కడుక్కుని వీధి అరుగు మీదికి వచ్చాను, గడలు తీయడానికి.

అరుగు మీద ఎవరో పడుకుని ఉన్నారు. మేనల్లుడు అనుకున్నాను. వంగి చూస్తే మా నాన్న. తల కింద బట్టల మూట. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తట్టు గుంజకు కట్టేసి ఉంది.

నేను పడుకున్న తర్వాత వచ్చాడు. తన వేళకు తాను వచ్చాడు. వనపర్తి సంతలో ఎవరో గద్వాల వ్యాపారి ఆయనకు అల్లుని పొద్దు కథ చెప్పాడట. కొడుకును వెళ్లగొడతారేమోనని సంత నుంచే బయలుదేరి వచ్చాడు. నా భార్య అన్నం పెట్టిందట. నన్ను లేపుతానంటే వద్దన్నాడట.

నేను నిలబడిపోయాను. తట్టి లేపితే లేస్తాడు. లేచి, అలవాటుగా సంతల ముచ్చట మొదలుపెడతాడు. తెల్లవారేదాకా చెబుతాడు. నాకు వినాలని ఉంది. కాని చెవుల్లో డప్పు మోగుతోంది, పొద్దు దగ్గర పడిందని నేననుకున్నాను. మేనల్లుడు ఏ నిమిషానైనా బయటికి వస్తాడు. నేను గడలు తీసుకున్నాను, చప్పుడు కాకుండా.

వీధి మధ్యలో గడలు పాతి, తాళ్లు కట్టి నిలబడితే ఒక్క మనిషి రాలేదు. డప్పు దగ్గరికి వచ్చింది. రోజా ఉండేవాళ్లను తెల్లవారకముందు తినే సహరీకి లేపే ఫకీరు డప్పు అది. తెల్లవారడానికి ఇంకా చాలా పొద్దుంది. ఆయన లాంతరు ఎత్తి నా మొహం చూశాడు.

"ఏం దామాద్, నువ్వు గూడ రోజా పట్టినవా?"

చివరికి ఈ అల్లుడి సంగతి ఆయనకు కూడా తెలుసన్నమాట.

లోపలికి పోతే మళ్లీ పడుకుంటానని భయం. వీధిలోనే గడలను ఆనుకుని నిలబడ్డాను. అరుగు అక్కడే ఉంది, నాన్న అక్కడే ఉన్నాడు. లేపడానికి కావలసినంత పొద్దు ఉంది. లేపితే ఆ ముచ్చట్లలో పడి నా ఒళ్లు మళ్లీ పాత దారి పట్టేది. పొయ్యి పక్కన పడిన పాట్లన్నీ పోయేవి. అందుకని లేపలేదు. ఎవరు ఏమన్నా నేను ఆ రోజు సరిగ్గానే చేశాను. అట్లా చేయాల్సిన స్థితికి నన్ను తెచ్చినవాళ్లు వేరే ఉన్నారు.

మసక వెలుతురు వచ్చాక మామ బయటికి వచ్చాడు, వెనక మేనల్లుడు. మామ గడలను ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు.

"వంకర పాతినవు" అన్నాడు.

రెండింటిని పీకి, మళ్లీ పాతాడు. తర్వాత కుంచె తెచ్చి ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క నా వైపు చాచాడు. మేనల్లుడికి గంజి కుండ అప్పగించాడు. ఏమీ అనలేదు. ఏదైనా అనాల్సిన వేళ అది.

నేను కుంచె పట్టి నడిచాను. దారాలు చేతి కింద తడిగా, చల్లగా, ఒక్కొక్కటిగా విడిపోతున్నాయి. ఎండ రాకముందే పని ముగిసింది.

నాన్న తన వేళకు లేచాడు. అరుగు మీద ఎండలో కూర్చుని, కళ్లు చిట్లించి నన్ను చూశాడు. చేతుల నిండా గంజితో నేను దగ్గరికి పోయాను.

"ఎప్పుడు లేసినవ్‌ర?"

"జల్దిగనే లేసిన."

"రాత్రి నీతోని మాట్లాడదామనుకుంటి. మంచి నిద్రల ఉన్నవు."

"లేపకపోతివా?"

"ఎప్పుడన్న గట్ల పండినవా నువ్వు, దీపాలు పెట్టంగనే? జరమొచ్చిందేమోనని నొసలు ముట్టి చూసిన. సల్లగనే ఉన్నవు. ఇగ లేపలే."

అప్పుడే ఎదురింటి ముసలాయన వచ్చాడు. నాన్నతో బావా అని వరుస కలిపి, నా ఎదుటే, మొదటి నుంచి చివరి దాకా అల్లుని పొద్దు కథ చెప్పాడు. గడల సంగతితో సహా. నాన్న విన్నాడు. సంతలో బేరగాళ్ల ముందు నవ్వే నవ్వు నవ్వాడు. నవ్వకపోతే మర్యాద కాదని నవ్వి ఉంటాడు. నేను ఆ నవ్వును కూడా మరిచిపోలేదు.

మామ వచ్చి పక్కన కూర్చుని, "ఫర్వలేదు బావ, అల్లుడు కుదురుకుండు. రెండో మగ్గం ఇగ ఆయనదే" అన్నాడు. అంతే. రెండో మగ్గం నాదన్న మాట ఆయన చెప్పింది నాకు కాదు, మా నాన్నకు. నాన్న తట్టును విప్పుకుని మధ్యాహ్నం ముందే బయలుదేరాడు. ఆయన వీధి దాటే వేళకు నేను మగ్గం గుంతలో ఉన్నాను. మగ్గం నాదైన మొదటి రోజు కాబట్టి లేచి రావద్దని నాన్నే అన్నాడు.

తర్వాత నేను బిజినేపల్లి పోయిన ప్రతిసారీ ఇదే వరస. ఆయన సంత నుంచి వచ్చేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ని. నేను లేచి కూర్చునేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. ఎంత ఆపుకున్నా, దీపం పెట్టగానే నా కళ్లు వాలిపోయేవి. చీకట్లో మేలుకుంటే, నాన్న పక్కన కూర్చుని ఆయన ఊపిరి వింటూ ఉండేవాణ్ని. ఏ సంతకు పోయి వచ్చాడో మూట మీది దుమ్ము చూసి ఊహించుకునేవాణ్ని. నల్లమట్టి అయితే ఒక వైపు, ఎర్రమట్టి అయితే ఇంకో వైపు.

మగ్గం నాకు దక్కింది. చాలా ఏళ్లు నేశాను. మామ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, కాదని నేను ఎప్పుడూ అనలేదు. కాని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా భుజం మీద చెయ్యి వేసి లేపి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? నేను లేచేవాణ్ని. లేచి కుంచె పట్టేవాణ్ని, రాత్రి మేలుకునే అలవాటు అట్లాగే ఉండేది. నా నిద్రను నేను వేళ్లతో సహా పీక్కోవాల్సి వచ్చేది కాదు. దాంతో పాటు ఏమేం ఊడి వచ్చాయో మామకు తెలియదు. ఆయన పోయేదాకా నన్ను అల్లుడనే పిలిచాడు, ఎంతో మర్యాదగా.

నాన్న జబ్బు పడ్డప్పుడు నేను పోయి పక్కనే ఉన్నాను. రాత్రంతా ఆయనకు నిద్ర ఉండేది కాదట. ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడట, పాత సంతల సంగతులు. అన్నలు విన్నారు. ఎప్పుడూ కూర్చోని అన్నలు. తెల్లవారుజామున నేను లేచి అడిగితే, "ఏమో, అన్ని కలగాపులగంగ చెప్పిండు" అన్నారు. అప్పటికి నాన్నకు కన్ను అంటుకుంది. ఎండ వచ్చేదాకా లేపవద్దని అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.